శనిగ్రహం దాకా వెళ్ళిన మా మామ టమోటా బాక్సులు

ముందే ఒప్పుకుంటే సగం పాపం పోతుందంటారు కాబట్టి ఒప్పుకుంటున్నాను. నేను పెంచి చెప్పే మనిషిని. చిటికెడున్నది నా నోట్లో పడితే చేటెడవుతుంది. "వాన పడతాంది" అని నేను వీధిలోంచి అరిస్తే మా ఇంట్లో ఆరేసిన బట్టలు ఎవరూ తియ్యరు. మా ఆవిడ బయటికొచ్చి, ఆకాశం చూసి, చెయ్యి చాపి, నాలుగు చినుకులు పడ్డాక అప్పుడు నిర్ణయిస్తుంది. వచ్చిన చుట్టాలకు కాఫీ గ్లాసుతో పాటే "ఆయన చెప్పేదాంట్లో ముప్పాతిక తీసేసి మిగిలింది నమ్మండి" అన్న సలహా కూడా అందిస్తుంది. మీరూ అలాగే చదవండి. ఒక్క మాట మాత్రం. ఇక్కడ నేను పెంచినవన్నీ చిల్లర విషయాలు. పూర్తిగా కల్పించింది ఒకటే ఉంది. అదేదో చివర చెబుతాను, అందాకా కాస్త ఓపిక పట్టండి. నాకు మాత్రం ఆ గుణం లేదు, మా అమ్మ వైపు వంశంలోనే లేదు.

పోయిన ఆదివారం మదనపల్లె సీటీఎం రోడ్డులో సెలూన్లో కూర్చుని ఉన్నాను. నా గడ్డం ఒకవైపే అయింది. పక్క కుర్చీలో మొహమంతా నురగ పూయించుకున్న ఒక బ్యాంకు ఉద్యోగి, నా ఈడువాడే, రెండు బొటనవేళ్ళతో ఫోన్లో వీడియోగేమ్ ఆడుతున్నాడు. రాకెట్ల రొద, తుపాకుల మోత, ఎవరో చస్తున్న కేకలు. సెలూన్లో ఉన్నామో రణరంగంలో ఉన్నామో తెలియడం లేదు. ఉన్నట్టుండి ఆ మోతంతా ఆగి, ఒక ముసలి గొంతు నిదానంగా అంది: "అడుగున ఏముండాదో సూసి పోండప్పా. పైన ఉండేదే అడుగునా ఉండాది."

కుర్చీలోంచి నేను లేచిన ఎత్తు రెండు బారలుంటుంది. గడ్డం కింద గాటు పడింది. సెలూన్ ఆయన కత్తి పక్కన పడేసి, "ఏమైంది సార్?" అన్నాడు. "మా మామ మాట అది" అన్నాను. "యాడుండాడు సార్ మీ మామ?" అని వీధి వైపు చూశాడు. "శనిగ్రహం దగ్గర" అన్నాను. ఆయన పటికముక్క రుద్ది, రెండోవైపు గడ్డం చాలా దూరం నుంచి చేయి చాపి గీశాడు.

మామ అంటే మా అమ్మకు ఆఖరి తమ్ముడు. మదనపల్లె నుంచి పోతుంటే పుంగనూరు ఇంకా రాకముందే రోడ్డు దిగి మట్టిదారిన పోవాలి ఆయన పల్లెకు. టమోటా రైతు. ఆయన కూర్చుని ఉండగా చూసినవాళ్ళు మా బంధువుల్లో ముగ్గురే ఉన్నారు, ఆ ముగ్గురూ పెళ్ళిపీటల మీద చూసినవాళ్ళే. అన్నం నడుస్తూ తింటాడు. మా అత్త కూరగిన్నె పట్టుకుని వెనకాల నడుస్తుంది. ఆమెకు కాపురమంటే పాదయాత్ర. ఇంటిముందు బండల మీద ఆయన అటూఇటూ తిరిగినచోట గాడి పడింది, వానొస్తే అందులో నీళ్ళు పారతాయి, ఆ నీళ్ళు ఆయన రెండు పుంగనూరు ఆవులూ తాగుతాయి. ఆ ఆవుల ఎత్తు గురించి చెప్పాలంటే, ఒకనాటి సాయంత్రం మా అత్త కోళ్ళను గంప కింద మూస్తూ లెక్క ఎక్కువొచ్చిందేమని ఎత్తి చూస్తే అందులో ఒక ఆవు ఉండిందట. ఇది నేను చెప్పింది కాదు. అంటే, మొదట చెప్పింది నేనే, ఇప్పుడు ఊరంతా చెబుతున్నారు.

మా వైపు టమోటా బాక్సు సర్దడం ఒక విద్య. పై వరసలో ఎర్రగా, గుండ్రంగా, ఫొటోకు కూర్చున్నట్టుండే కాయలు. అడుగున పచ్చివి, దెబ్బ తిన్నవి, పుచ్చువి. రైతు ఇలా సర్దుతాడని వ్యాపారికి తెలుసు. వ్యాపారికి తెలుసని రైతుకూ తెలుసు. అందుకే మండీలో వ్యాపారి చెయ్యి బాక్సు పైన ఆగదు, మోచేతి దాకా దిగి అడుగున తడుముతుంది. మా మామ ఒక్కడే సర్దడు. పైన ఏ కాయో అడుగునా అదే. దానికోసం చెట్టుకింద కాయలు ఏరుతూ, పుచ్చువి ఆవులకు వేస్తూ, రోజంతా ఆ కుప్ప చుట్టూ తిరుగుతాడు. "లోకమంతా ఒక దావన పోతాంటే ఈయన దావ ఇంగొకటి" అని మా అత్త వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. తిట్టో పొగడ్తో ఆమెకూ తెలియదు.

పన్నెండేళ్ళ కిందట, ధర నేలకంటిన ఒక వేసవిలో, మామ ట్రాక్టరు నిండా బాక్సులు మదనపల్లె మండీకి తెచ్చాడు. అమ్మకుండానే తిరిగి తీసుకుపోతూ, పల్లెకు తిరిగే మలుపు దగ్గర ట్రాక్టరు ఆపి, ఒక్కో బాక్సూ దించి, అన్నీ నడిరోడ్డు మీద బోర్లించేశాడు. పుంగనూరు పొలిమేర దాకా ఎర్ర తివాచీ పరిచినట్టయింది. (మా ఆవిడ లెక్క ప్రకారం ఓ ఇరవై గజాలు వేసుకోండి.) విసిరికొట్టలేదు, తన్నలేదు, తిట్టలేదు. బాక్సును నేల మీద తలకిందులుగా పెట్టి, ఇడ్లీపాత్రలో గుడ్డ మీంచి ఇడ్లీ ఒలిచినంత నిదానంగా పైకెత్తాడు. కాయలు కదలకుండా కుప్పగా నిలబడ్డాయి. ఇంకో బాక్సు. ఇంకోటి. ఆ రోజు నేను మామ పక్కనే ఉన్నాను. నాలుగు బాక్సులు నేనూ అందించాను.

అప్పుడే పుంగనూరు నుంచి స్కూలు బస్సు వచ్చింది. అందులో తొమ్మిదో తరగతి చదివే మామ కూతురు ఉంది. బస్సు హారన్ కొట్టింది, ఆగింది, మళ్ళీ కొట్టింది. చివరికి డ్రైవరు కుప్పల మీదుగానే పోనిచ్చాడు. టైర్ల కింద కాయలు చితికిన చప్పుడు మదనపల్లె దాకా వినబడి ఉంటుంది. ఆ పిల్ల కిటికీ తలుపు దించేసుకుంది. మర్నాడు పేపర్లో ఫొటో, కింద "ధర లేక రైతు ఆగ్రహం" అని ఒక ముక్క. మా చుట్టాలంతా ఆ ముక్కే నమ్మారు. స్కూల్లో ఆ పిల్లకు "రసం" అని పేరు పెట్టారు. పదో తరగతి పూర్తయ్యేదాకా ఆ పేరుతోనే బతికింది. మామ ఎందుకు చేశాడో చెప్పలేదు, ఆ పిల్ల అడగలేదు. ఆనాటి నుంచి తండ్రీకూతుళ్ళ మాటలన్నీ మా అత్త మీదుగానే నడిచాయి. ఒకే గదిలో ఉండి కూడా, "అమ్మా, ఆయన్ని కాలు తియ్యమను, ఊడ్సాల" అనేది.

ఆ పిల్లే నా మరదలు. నాకంటే పాతికేళ్ళు చిన్నది. మా తాతకు సంతానం అంత తీరిగ్గా కలిగింది. చదువు అయ్యాక బెంగళూరులో వీడియోగేములు తయారుచేసే ఒక కంపెనీలో తెలుగు రాసే పనికి కుదిరి, కుప్పంలో గది తీసుకుని రోజూ రైల్లో పోయి వచ్చేది. రెండేళ్ళ కిందట ఏప్రిల్‌లో, ఒక శనివారం పొద్దున, కుప్పం నుంచి వి.కోట, పలమనేరు, పుంగనూరు మీదుగా బస్సులో వచ్చి మదనపల్లెలో మా ఇంట్లో దిగింది. దారిలో తండ్రి ఇంటి మలుపు దాటే వచ్చింది. దిగలేదు.

"బావా, నువ్వు అబద్ధాలు బాగా రాస్తావంట కదా. నాకొకటి కావాల" అంది, చెప్పులు విప్పకుండానే.

సంగతేమిటంటే, వాళ్ళ కంపెనీ చేస్తున్న గేమ్‌లో శనిగ్రహం చుట్టూ తిరిగే ఒక మంచుచంద్రుడి మీద కూలీలుంటారు. మంచు తవ్వి, కరిగించి, డ్రమ్ములకెత్తి పైనున్న నగరానికి పంపుతారు. నగరానికి ఆ నీళ్ళే ఆధారం. ఒకనాడు ఆ కూలీలు తిరగబడి, మూడు నెలల కష్టాన్ని, తమ డ్రమ్ములన్నిటినీ, రాకెట్లు ఆగే చోటికి మోసుకొచ్చి తామే ఒలకబోస్తారు. నీళ్ళు గడ్డకట్టి దారులు మూసుకుపోతాయి. ఆడేవాడు నగరపు సైన్యంలో ఒక కెప్టెను. ఇక్కడ వాడు తేల్చుకోవాలి: నగరం పక్కనా, తిరుగుబాటుదార్ల పక్కనా? తిరుగుబాటు నాయకుడు వాడికి ఎదురుపడి నాలుగు మాటలు చెబుతాడు. ఆ నాలుగు మాటలే మా మరదలు రాయాలి.

"రాసిచ్చినా బావా. స్వేచ్ఛ, న్యాయం, బానిస సంకెళ్ళు, అన్నీ ఏశినా. మా మేనేజరమ్మ 'ఇది పంద్రాగస్టు ఉపన్యాసం' అనింది. ఆడి సూసినోళ్ళు ఒక్కరు కూడా వాళ్ళ పక్కకు పోలే. 'సొంత నీళ్ళు పారబోసుకునే పిచ్చోళ్ళు' అని రాసినారు. సోమవారం పొద్దునకు ఇయ్యకపోతే ఇంగొకరికి ఇచ్చేస్తారంట."

"ఇస్తే ఇయ్యనీలే. ఉద్యోగం పోదు కదా?"

"ఉద్యోగం పోదు. మూడేండ్లుగా నేనేం రాస్తాండానో తెలుసునా నీకు? 'తలుపు మూసుకుంటాంది, పక్కకు జరగండి.' 'ఆక్సిజన్ తక్కువుండాది.' అదే. మనిషి మాట్లాడే మాట ఇదే మొదలు బావా. ఇది పోతే నేను సచ్చేదాకా తలుపులే."

నేను ఊరుకునే రకం కాదు. కూలీలు నీళ్ళు పారబోయడానికి మధ్యాహ్నానికి పదిహేడు కారణాలు కల్పించి ఇచ్చాను. నాయకుడి ప్రేయసిని నగరవాసి ఎత్తుకుపోయాడన్నాను. నీళ్ళలో విషం కలిసిందన్నాను. కవలలు విడిపోయారన్నాను. అర్థం చేసుకుందామని ఆ గేమ్ నేనూ ఆడాను. మూడో నిమిషంలో నా సొంత సేనాధిపతినే కాల్చాను. మరదలు ప్రతిదానికీ తల అడ్డంగా ఆడిస్తూ గడప నుంచి ఫ్రిజ్ దాకా, ఫ్రిజ్ నుంచి గడప దాకా నడుస్తూనే ఉంది. ఆ నడక ఎక్కడో చూసినట్టే ఉంది నాకు. కుర్చీలో నా మోకాలు కూడా దానంతట అదే ఊగుతోంది. ఫ్యాను సహా ఆ ఇంట్లో నిలకడగా ఉన్నది ఏదీ లేదు.

మా ఆవిడ ఆమె దారికి అడ్డమొస్తున్న స్టూలును నాలుగోసారి పక్కకు జరిపి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ అంది: "సొంత సరుకు నేలపాలు చేసినోడు మన ఇండ్లల్లోనే ఒకడుండాడు కదమ్మా. ఆయన్ని అడగరాదా?"

మరదలు ఫ్రిజ్ దగ్గర ఆగింది. "ఆయన్ని అడిగేదేముండాది అక్కా? ధర రాలే, కోపమొచ్చింది. పేపర్లో ఏశినారు కదా."

"పేపరోళ్ళు ఆయన్ని అడిగినారా?"

మరదలు మళ్ళీ గడప వైపు నడిచింది. నేను ఫ్యాను వైపు చూశాను.

ఆదివారం పొద్దున నా స్కూటరు మీద ఇద్దరం పల్లెకు పోయాం. మామ గాడిలో నడుస్తున్నాడు. "ఏమల్లుడా, దావ మరిసినావనుకుంటి" అని నన్ను పలకరించి, కూతురిని చూసి రెండు అడుగులు ఎక్కువ వేశాడు. అత్త రాగిసంకటి, చెనిక్కాయల పచ్చడి పెట్టింది. తిన్నాక మరదలు లాప్‌టాప్ మంచం మీద తెరిచి, గేమ్ పెట్టి, ఎప్పట్లాగే అత్త వైపు తిరిగి కథంతా చెప్పింది. మామ మంచం చుట్టూ తిరుగుతూ విన్నాడు. మంచుచంద్రుడి చుట్టూ రాకెట్ తిరుగుతోంది, మంచం చుట్టూ మామ తిరుగుతున్నాడు. నాకు తల తిరిగింది.

"ఆ సూది ఏందిమే?" అన్నాడు మామ, అత్తతో.

తెర మీద నగరపు అధికారి ఒకడు వరసగా పెట్టిన డ్రమ్ముల్లో పొడుగాటి సూదిలాంటిది గుచ్చుతూ పోతున్నాడు.

"అది ఊరికే బొమ్మని చెప్పమ్మా. నీళ్ళలో కల్తీ ఉండాదేమో అని సూస్తారు. అందం కోసం పెట్టినారు" అంది మరదలు.

"అందానికంట" అని అత్త అందించింది.

"అడుగు దాకా గుచ్చుతాండాడు" అన్నాడు మామ.

"అడుగుదాకానే కదా గుచ్చాల."

"కల్తీ ఉండిందా?"

"లేదు. ఒక్కదాంట్లో కూడా లేదు. కథలో అట్ల లేదు."

"లేదని చెప్పినారా వాళ్ళకి?"

మరదలు అత్త వైపు చూడటం మరిచిపోయింది. "ఏమి నాయనా?"

"అడుగుదాకా గుచ్చి సూసినారు కదా. బాగుండాది. బాగుండాదని ఒక మాటన్నా చెప్పినారా ఆ కూలోళ్ళకి?"

"...లేదు. ఆ మాట కథలో లేదు."

మామ ఆగిపోయాడు. ఆయన నిలబడటం నేను చూడటం అదే మొదలు, కాళ్ళకు ఏమైనా అయిందేమో అనుకున్నాను.

"ఆ పొద్దు మండీలో" అన్నాడు మామ, తెర వైపే చూస్తూ, "ఒక యాపారి నా బాక్సుల్లో సెయ్యి పెట్టినాడు. అందురికీ పెడతారు, నాకూ పెడతారు, దానికేం లేదు. ఆ పొద్దు పెట్టినోడు నమ్మలే. ఒక బాక్సు కింద పోయించినాడు. సెప్పుకాలితో కెలికినాడు. పైకాయ ఎట్లుండాదో అడుగుకాయ అట్లే ఉండాది. సూసినాడు. సూసి, మాట్లాడకుండా పక్క వరసకు పోయినాడు. బాగుండాదని అనలే. కనీసం నా పక్క కూడా తిరగలే. ధర అందురికీ ఏసిందే ఏశినారు. ధరకేమిలే పాపా, పడతాది, లేస్తాది. ఇరవై ఏండ్లు ఏరినా నేను. ఒక్కడు సూసి కూడా సూల్లేదన్నట్టు పోతే ఇంగ ఏరేది యాల? అందుకే బోర్లేసినా. అడుగుది పైకొస్తాది కదా, బోర్లేస్తే. పొయ్యేటోళ్ళన్నా సూస్తారనుకుంటి."

రోడ్డు మీద ఆయన ఒక్కో బాక్సూ ఇడ్లీ ఒలిచినట్టు ఎందుకు ఒలిచాడో పదేళ్ళకు తెలిసింది. పదిమంది చూశారు, పేపరువాళ్ళు ఫొటో తీశారు, మేం చుట్టాలమంతా ఊరూరా చెప్పుకున్నాం. కోపమొచ్చినవాడు అంత పొందికగా బోర్లిస్తాడా అని ఒక్కరమూ అనుకోలేదు.

అత్త చెంగు నోటికడ్డం పెట్టుకుంది. "నాకన్నా చెప్తే ఏమి?" అంది. "నువ్వు ఏరేటప్పుడు సూసినావు కదమే, నీకేం చెప్పేది?" అన్నాడు మామ, మళ్ళీ నడవడం మొదలుపెట్టి.

మరదలు లాప్‌టాప్ మూసి, దాని మూత మీద వేలితో గీతలు గీసింది. తర్వాత, అత్త వైపు చూడకుండా, నేరుగా తండ్రితో అంది: "నాయనా, ఆ పొద్దు బస్సులో నేను కిటికీ దించేస్తిని."

"సూసినాలే పాపా" అన్నాడు మామ. "ఎండ నీ మొగాన పడతాండె."

ఏప్రిల్ ఎండే అనుకోండి, నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇది పెంచింది కాదు. మరదలు ముక్కు చీది, మాట మార్చడానికి నా వైపు తిరిగి, "బావ నీ పక్కనే నిలబడి బాక్సులు అందించినాడంట కదా? మాకందురికీ చెప్తాంటాడు" అంది. మామ నన్ను చూశాడు. రెండడుగులు వేశాడు. "ఊ. అందించినాడు" అన్నాడు.

మధ్యాహ్నం బస్సులో ఆమెను కుప్పం దాకా దింపి రమ్మని అత్త నన్ను పంపింది. ముప్పావు గంట నిలబడితే గానీ సీటు దొరకలేదు. నిలబడే ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్లో రాస్తూనే ఉంది. వి.కోటలో బస్సు ఆగితే డ్రైవరు టీ తాగుతున్నంతసేపు నేనే దిగి, ఎక్కి, దిగి, ఎక్కి, కండక్టరుతో తిట్లు తిన్నాను. కుప్పంలో గది దాకా కూడా ఆగలేక రైల్వే ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చుని, సాయంత్రం బెంగళూరు బండి వస్తుండగా, ఆ చప్పుట్లో నాకు చదివి వినిపించింది. స్వేచ్ఛ లేదు, సంకెళ్ళు లేవు. మూడు నెలలు తవ్విన ముసలి కూలీ ఒకడు, ఒలికిన నీళ్ళ మధ్య నిలబడి, కెప్టెన్‌ను దాటి పోనివ్వకుండా అడుగుతాడు. ఆ అడిగిన మాట మీరు ముందే విన్నారు, సెలూన్లో. అక్కడే పంపేసింది. పంపేసి ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. నేనూ వెనకే నడిచాను. టికెట్లు అడిగేవాడు ఎదురొస్తే ఇద్దరం తప్పిపోయినవాళ్ళమేమో అని జాలిపడ్డాడు.

మర్నాడు మేనేజరమ్మ ఒకే ముక్క రాసిందట: "ఇతని పక్కకు నేను పోతాను. ఎవరీయన?" మరదలు "మా నాయన" అని జవాబు పెట్టింది. తలుపులు రాసే పని ఇప్పుడు ఇంకెవరో చూస్తున్నారు. గొంతు మాత్రం మామది కాదు, ఎవరో నటుడిది. మామను అడిగితే "నిలబడి మాట్లాడాలంటనే" అని వద్దన్నాడు. సెలూన్లో బ్యాంకు ఆయన చివరికి ఎవరి పక్కకు పోయాడని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. నురగ ఎండిపోయిన మొహంతో, తెర మీదనుంచి చూపు తిప్పకుండా, "ఆలోచిస్తాండా సార్" అన్నాడు. అది చాలనిపించింది.

ఇక కల్పించిన ముక్క. ఆవు గంప కిందికి పోలేదన్నది మీకు తెలుసు, పదిహేడు కారణాలు మూడే అన్నదీ ఊహించి ఉంటారు. అవి కాదు. ఆ రోజు రోడ్డు మీద నేను మామ పక్కన లేను. బాక్సులు అందించలేదు. రోడ్డుకు అవతల టీకొట్టులో ఉన్నాను. తెలిసినవాళ్ళు నలుగురు కూర్చుని ఉన్నారు. "ఎవరప్పా ఆ పిచ్చోడు?" అని ఒకరంటే, నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని "ఎవరో" అన్నాను. పేపరు పక్క నుంచి చూస్తే, మామ ఒక బాక్సు రోడ్డు ఈ వైపుకు తెచ్చి, టీకొట్టుకు ఎదురుగా, నాకు కనబడేలా బోర్లించి పోయాడు. ఇరవై ఏళ్ళు పైన ఒకటి, అడుగున ఒకటి పెట్టని మనిషి, "ఊ, అందించినాడు" అని నా అబద్ధాన్ని పైన పెట్టి సర్దిన బాక్సు నాకు తెలిసి అదొక్కటే. నా కోసం సర్దాడు. కాలం అలా సర్దదు. తొందరపడకుండా, ఒక్కో ఏడూ దించి, తలకిందులు చేసి, ఇడ్లీ ఒలిచినట్టు ఒలుచుకుంటూ పోతుంది, అడుగున మనం దాచింది పైన మిగిలేదాకా.